ఆ కాగితం మీద నేను రాసిన ‘లేదు’



ఇంతకాలం ఈ పుటలలో మీరు చేయకూడని పొరపాట్లను గురించి రాస్తూ వచ్చాను. ఈసారి నేను చేసిన పొరపాటును గురించి రాయవలసి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామని కొన్నాళ్లు అనుకున్నమాట నిజం. అయితే నా వయసువారు, నేను వాడే మందులే వాడేవారు, ఇప్పుడు పిల్లల పుణ్యమా అని విమానాలెక్కి ద్వీపాలకు వెళ్తున్నారు. వారి కోసమైనా చెప్పక తప్పదు.

మాది కొండాపురం. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట. మా చిన్నతనంలో నీళ్లంటే బావి, కాదంటే చెరువు. జిల్లాకు తూర్పున సముద్రం ఉన్నదని భూగోళ పాఠంలో చదువుకున్నామే గాని, మైపాడు తీరాన నేను తొలిసారి అలలను చూసింది వైద్య విద్యకు వెళ్లిన తరువాతనే. అటువంటి మెట్టవాణ్ణి డెబ్బై మూడో ఏట అండమాన్ సముద్రంలో ముఖం ముంచి చేపలను చూడబోయాను.

మొన్నటి శీతాకాలంలో పిల్లలు టిక్కెట్లు కొని మమ్మల్ని నలుగురిని పంపించారు. నేను, నా శ్రీమతి, మా అక్క, మా బావ. బావ విశ్రాంత ఉపాధ్యాయుడు. నాకంటే మూడేళ్లు పెద్ద. చెన్నైలో విమానమెక్కితే సుమారు రెండు గంటలలో పోర్ట్ బ్లెయిర్ చేరుకున్నాం. ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. బజారులోకి అడుగు పెట్టగానే తెలుగు వినిపించింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల క్రితమే వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి.

ఒక రోజు ఉదయం పడవ మీద రెండు ద్వీపాలు చూసే ఏర్పాటు. బయలుదేరే ముందు శ్రీమతి అడిగింది: “మాత్రలన్నీ వేసుకున్నారా?” వేసుకున్నానన్నాను. నిజానికి ఒకటి వేసుకోలేదు. మూడేళ్ల క్రితం నా గుండెకు ఒక స్టెంట్ అమర్చారు. రక్తపోటు కూడా ఉంది. నేను ఉదయం పూట వాడే మందులలో మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేసే మాత్ర ఒకటి. పడవ మీద అవస్థ పడవలసి వస్తుందేమోనని దానిని ఆ రోజుకు మానుకున్నాను. ఇదే పని చేసి వచ్చిన రోగులను మందలించడంతో నా ఉద్యోగ జీవితంలో సగం గడిచింది.

మొదట రాస్ ద్వీపం. 2018లో దానికి నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు. 1858 నుంచి 1941 దాకా ఆంగ్లేయుల అండమాన్ పాలనకు అదే కేంద్రం. 1941 జూన్‌లో వచ్చిన భూకంపం దానిని దెబ్బతీసింది. మరుసటి ఏడు జపాన్ సైన్యం వచ్చింది. ఇప్పుడు చర్చి గోడలను, పెద్ద దొరల బంగళా గోడలను మర్రి వేళ్లు చుట్టుకొని నిలబెట్టి ఉంచాయి. వాటి మధ్య చుక్కల జింకలు మనుషులకు వెరవకుండా తిరుగుతున్నాయి. ఎండ గట్టిగా ఉంది. ఎక్కుడు దారిలో నడుస్తూ నేను రెండు సీసాల నీళ్లు పూర్తిగా తాగేశాను. ఎండలో నీళ్లు బాగా తాగాలని పదిమందికి చెప్పే నోరు కదా! నీటిని బయటికి పంపే మాత్ర మానినవాడు అంత నీరు తాగితే ఏమవుతుందన్న ఆలోచన ఆ నోటికి తట్టలేదు.

అక్కడి నుంచి నార్త్ బే. పాత ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల నడుమ సముద్రమూ దీపస్తంభమూ ఉండేవి, గుర్తున్నదా? ఆ దీపస్తంభం ఉన్నది ఇక్కడే. పగడాల దిబ్బలు ఒడ్డుకు దగ్గరగా ఉండటం వల్ల స్నార్కెలింగ్ చేసేవారు ఎక్కువగా ఇక్కడికి వస్తారు. కళ్లను, ముక్కును మూసే అద్దం ఒకటి, నోటితో కరిచిపట్టుకొనే వంపు గొట్టం ఒకటి. ముఖం నీటిలో, గొట్టం కొస గాలిలో. ఇంతే సాధనం.

నీటిలో దిగేముందు ఒక కాగితం ఇచ్చారు. గుండె జబ్బు ఉన్నదా, రక్తపోటు ఉన్నదా, ఉబ్బసం, మూర్ఛ, చెవి ఆపరేషన్, మెడ నొప్పి ఉన్నాయా అని వరుసగా ప్రశ్నలు. బావ కళ్లజోడు సవరించుకొని, పరీక్ష పత్రం దిద్దినంత శ్రద్ధగా నింపాడు. రక్తపోటు ఉంది. చక్కెర వ్యాధి ఉంది. మెడ బిగుసుకొని ఉంది. ఈ చివరిది మా మెట్ట మండలాల ఫ్లోరైడ్ నీరు ఇచ్చిన ఆస్తి. బావకు తల పైకెత్తడం కష్టం. నేను మాత్రం అన్ని గళ్లలోనూ ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

ఎందుకు రాశానో చాలాసార్లు ఆలోచించాను. ఉన్నదని రాస్తే దిగనివ్వరన్న భయం కొంత. నాకు తెలియనిదేముందిలే అన్న గర్వం మరికొంత. పక్కన నిలబడిన కుర్రకారు ముందు ముసలివాణ్ణని ఒప్పుకోవడం ఇష్టంలేకపోవడం అన్నిటికంటే ఎక్కువ.

బావ కాగితం చదివిన కుర్రవాడు, “మీరు గాజు అడుగు పడవలో వెళ్లండి తాతగారూ, మెడకు శ్రమ ఉండదు” అన్నాడు. బావ మారుమాట లేకుండా మా అక్కను, నా శ్రీమతిని వెంటబెట్టుకొని వెళ్లాడు.

నాకు తోడు వచ్చినది శ్రీకాకుళం మూలాలున్న తెలుగు యువకుడే. తేలే చొక్కా తొడిగించి, రబ్బరు చక్రం పట్టుకోమని లోపలికి తీసుకువెళ్లాడు. మొదటి ఐదు నిమిషాలు నేను చూసినది ఈ జన్మకు చాలు. నీలం, పసుపు చారల చేపలు గుంపులుగా కదిలిపోయాయి. పగడాన్ని కొరుకుతున్న చిలుక చేప పళ్ల చప్పుడు కూడా వినిపించింది. పగడం రాయి కాదు. వేల సూక్ష్మ జీవుల కాపురం. సముద్రం వేడెక్కితే వాటిలో ఉండే నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో అటువంటి ఉపద్రవమే జరిగింది. తెల్లబడి చచ్చిన కొమ్మలు నాకు అక్కడక్కడా కనబడ్డాయి.

తరువాత ఊపిరి అందలేదు. గొట్టంలోంచి గాలి చాలడం లేదనిపించి గట్టిగా పీల్చాను. పీల్చినకొద్దీ ఛాతీ బరువెక్కింది. దగ్గు వచ్చింది. ఒక్క చుక్క సముద్రపు నీరు కూడా నా గొంతులోకి పోలేదు. అయినా లోపల తడి గరగర. స్టెతస్కోపు లేకుండానే ఆ శబ్దం నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లకు పైగా ఎందరి వీపుల మీదనో విన్న శబ్దం అది. కేకవేద్దామంటే నోట్లో గొట్టం ఉంది. దూరం నుంచి చూసినవారికి ఒక పెద్దమనిషి ప్రశాంతంగా చేపలను చూస్తున్నట్లే ఉండి ఉంటుంది.

ఆ యువకుడు నా వేళ్లు చక్రం మీద జారడం గమనించాడు. ఒక్క కుదుపుతో నన్ను వెల్లకిలా తిప్పి, గొట్టం లాగేసి, ఒడ్డుకు చేర్చి కూర్చోబెట్టాడు. “గుండె జబ్బు ఏమైనా ఉందా తాతగారూ?” అని అడిగాడు. తల ఊపాను. అతడు కోప్పడలేదు. “ముందే చెప్పి ఉంటే మిమ్మల్ని లోపలికి తీసుకెళ్లేవాణ్ణి కాదు కదండీ” అన్నాడు.

తిరుగు పడవలో నేరుగా కూర్చొనే ఉన్నాను. నగరంలోని ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టారు, ఇ.సి.జి., రక్తపరీక్షలు చేశారు. గుండెపోటు కాదు. ఊపిరితిత్తులలో నీరు చేరింది. నా మనవరాలి వయసున్న వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న, “ఈ ఉదయం మాత్రలన్నీ వేసుకున్నారా?” శ్రీమతి నా ముఖంలోకి చూసింది. నేను జవాబు చెప్పేలోగా ఆమెకు తెలిసిపోయింది. ఆ తరువాత నాకు ఇచ్చిన ఇంజెక్షన్ ఏమిటో ఊహించండి. మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేసేదే. మర్నాటికి తేరుకున్నాను.

ఇక జరిగినదేమిటో వైద్యపరంగా చెబుతాను.

నేల మీద నిలబడినప్పుడు రక్తంలో కొంత భాగం కాళ్లలో నిలుస్తుంది. మెడ లోతు నీటిలో దిగగానే నీటి ఒత్తిడి ఆ రక్తాన్ని పైకి నెడుతుంది. సుమారు 700 మిల్లీలీటర్ల రక్తం అదనంగా ఛాతీలోకి చేరుతుంది. చన్నీటికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటే ఈ భారం ఇంకా పెరుగుతుంది. ఆరోగ్యవంతుని గుండె దీనిని అవలీలగా మోస్తుంది. రక్తపోటుతో బిగుసుకున్న గుండె మోయలేదు. వెనుక నిలిచిపోయిన రక్తం నుంచి నీరు ఊపిరితిత్తులలోకి ఊరుతుంది. దీనికి తోడు సన్నని గొట్టంలోంచి బలంగా పీల్చడం వల్ల ఛాతీలో ఏర్పడే లాగుడు ఆ నీటిని మరింత లోపలికి తెస్తుంది. పర్యాటకుల నీటి మరణాలు ఎక్కువగా ఉన్న హవాయిలో స్నార్కెలింగ్ ప్రమాదాలను పరిశీలించినవారు కూడా, చాలామందిలో నీరు మింగడం కంటే ముందే ఆయాసం, నిస్సత్తువ మొదలై ఉండవచ్చునని, అవి చప్పుడు లేకుండా జరిగిపోతాయని గుర్తించారు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి మరొక చిక్కు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడి, వాంతి భయంతో తినకుండా పడవ ఎక్కితే చక్కెర పడిపోతుంది. అప్పుడు వచ్చే గుండెదడను, వణుకును రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ మందులు కప్పివేస్తాయి. మిగిలే హెచ్చరిక చెమట ఒక్కటే. నీటిలో ఉన్నవాడికి చెమట పట్టినట్లు ఎలా తెలుస్తుంది?

కాబట్టి నా వయసువారికి ఈ మనవి.

1. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు మీ వైద్యునికి ‘నీటిలో దిగుతాను’ అని స్పష్టంగా చెప్పండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆయన సర్దుతారు. మీ అంతట మీరు మానవద్దు.

2. దాహానికి సరిపడా నీరు తాగండి. గుండె జబ్బు ఉన్నవారు పరిమితిని అడిగి తెలుసుకోండి.

3. కాగితంలో నిజం రాయండి. దిగవద్దంటే దిగవద్దు.

4. నీటిలో దగ్గు, ఆయాసం, ఛాతీ బరువు, అకారణమైన నీరసం కలిగితే ‘ఇంకొక నిమిషం’ అనుకోకండి. గొట్టం తీసి, వెల్లకిలా తిరిగి, చెయ్యి ఎత్తండి. ఒడ్డుకు వచ్చాక పడుకోకుండా కూర్చోండి, ఆసుపత్రికి వెళ్లండి.

5. ఎవరైనా మునిగి శ్వాస లేకుండా ఉంటే తలకిందులుగా తిప్పడం, కడుపు నొక్కడం చేయకండి. వెల్లకిలా పడుకోబెట్టి, ముందు నోటితో ఊపిరి అందించి, ఆపై ఛాతీ నొక్కుతూ సహాయానికి పిలవండి.

మాకు అండమాన్ ఎక్కడ, ద్వీపాలెక్కడ అనుకొనేవారికి ఒక మాట. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బస్సులో ఇబ్బందని మాత్ర మానుకొని, ఉపవాసం ఉండి, తెల్లవారుజామున చన్నీటిలో దిగే పెద్దలు వేలల్లో ఉంటారు. నీరు ఏదైనా గుండె మీద పనిచేసే తీరు ఒక్కటే.

ఉద్యోగంలో ఉన్నప్పుడు మా పల్లెల నుంచి వచ్చేవారిని “మందులేమైనా వాడుతున్నావా? పాత జబ్బులు ఉన్నాయా?” అని అడిగితే, “ఏం లేదయ్యా” అనేవారు. చీటీలు, మాత్రలు తరువాత సంచిలోంచి బయటపడేవి. వీళ్లు నాకెందుకు నిజం చెప్పరు అని విసుక్కొనేవాణ్ణి. వారికీ ఏదో భయం, ఏదో బిడియం ఉండి ఉంటుందని ఇన్నేళ్లకు తెలిసింది.

ఆ రాత్రి బావ ఆసుపత్రి మంచం పక్కన కూర్చొని గాజు పడవలో తాను చూసిన వింతలన్నీ వర్ణించాడు. నాకంటే ఎక్కువ చేపలనే చూశాడు. “డాక్టరూ, నీ బట్టలు కూడా తడిశాయి, నావి తడవలేదు” అని నవ్వాడు. శ్రీమతి మాత్రం నవ్వలేదు. వారం రోజుల గళ్లున్న నా మాత్రల డబ్బాను సంచిలోంచి తీసి, ఆ రోజు గడి మూత తెరిచి నా ముందు పెట్టింది.

ఇప్పుడు ప్రతి ఉదయం ఆ డబ్బాను ఆమె ముందే తెరుస్తున్నాను. మీరూ మీ ఇంట్లో ఎవరి ముందైనా తెరవండి.

సర్వే జనాః సుఖినో భవంతు.