లెక్కకు రాని నేరాలు

2008లో కరీంనగరమునకు శాతవాహన విశ్వవిద్యాలయమును, నాటి ఆదిలాబాదు జిల్లా బాసరకు ట్రిపుల్ ఐటీయును వచ్చినవి. పిల్లను చేర్పించు తండ్రి భోజనవసతులను విచారించును. నిరుడు ఆవరణలో ఎన్ని నేరములు జరిగెనో ప్రకటింపవలెనన్న చట్టము మనకు లేదు. ర్యాగింగు నేరమైనచో 24 గంటలలో పోలీసులకు ఫిర్యాదు చేయవలెనని యూజీసీ 2009లో విధించినది. లైంగిక వేధింపుల ఫిర్యాదుల లెక్కను ఏటా తనకు పంపవలెనని 2015లో అన్నది. అవన్నియు పైవారికే.

అమెరికాలో 1986లో లీహై విశ్వవిద్యాలయ వసతిగృహమున జీన్ క్లెరీ అను విద్యార్థిని హత్యకు గురైనది. ఆమె తల్లిదండ్రుల పోరాటముచే 1990లో చట్టమొకటి వచ్చినది. సమాఖ్య నిధులు పొందు ప్రతి కళాశాలయు మూడేండ్ల నేరముల లెక్కను ఏటా అక్టోబరు 1 లోగా ప్రకటింపవలెను.

అంకె కనబడినచో పరువు పోవునని మన యాజమాన్యముల భయము. (సున్న చూపు కళాశాలనే నేను ముందుగా శంకింతును!) జగిత్యాలలో కూర్చున్న తండ్రి టెక్సాసు కళాశాల లెక్కను ఇంటనే చదువగలడు. బాసర లెక్క కావలెనన్నచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు వ్రాసికొనవలసినదే.