నిమ్మాకులోని గని

చెన్నై నుండి విజయవాడ వెళ్లే రైలుమార్గంలో, తిరుపతి వైపు దారి చీలే చోట గూడూరు ఉంది. ఈ ప్రాంతాన్ని బయటి ప్రపంచం రెండు సరుకుల వల్ల ఎరుగును: నేల లోపలి అభ్రకం, నేల మీది నిమ్మ. సైదాపురం వైపు సాగితే పాత గనుల గుంతల చెంత అభ్రకపు పెచ్చులు ఎండకు తళుక్కుమంటాయి. అదే తళుకు నిమ్మతోటల్లోనూ కనిపిస్తుంది. అక్కడ గని తవ్వింది మాత్రం మనిషి కాదు.

లేత చిగురును వంచి చూస్తే ఆకు మీద వంకరలు తిరిగిన వెండిదారి ఒకటి ఉంటుంది. నత్త పాకిన జాడ కాబోలుననిపిస్తుంది. కాని తుడిస్తే చెరగదు. ఆ దారి ఆకు పైన కాక, పొర కింద ఉంది. రైతులు దీని కర్తను ఆకు తొలుచు పురుగు అంటారు. 1856లో స్టెయిన్‌టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కలకత్తా నమూనాలను పరిశీలించి దీనికి ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అని నామకరణం చేశాడు.

తల్లి పురుగు రెక్కలు చాచినా నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. చీకటి పడ్డాక అది చిగురాకుపై ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్ల వెలుగు చూడకుండానే ఆకులోకి దూరి, పైపొర కణాలను చీల్చి రసం పీలుస్తూ ముందుకు సాగుతుంది. దారి నడుమ సన్నని నల్లగీత దాని మలం. ఆకు మారే అవకాశం దానికి లేదు. ఇల్లూ, పొలమూ, వంటశాలా ఆ ఒక్క ఆకే. చివరి దశలో తిండి మాని, ఆకు అంచును పట్టుదారంతో మడిచి అందులో నిద్రిస్తుంది. వెచ్చని రోజుల్లో ఈ కథంతా రెండు మూడు వారాల్లో ముగుస్తుంది.

ముదురు చెట్టు ఈ నష్టాన్ని ఓర్చుకోగలదు. నారుమళ్లలోని మొక్కలు, కొత్తగా నాటిన తోటలు ఓర్చుకోలేవు. అంతకంటె పెద్ద ప్రమాదం, చిట్లిన పొర గుండా గజ్జి తెగులు ప్రవేశించడం. గజ్జి మచ్చలు కాయకెక్కితే ఢిల్లీ దాకా వెళ్లవలసిన సరుకు ధర గూడూరు మార్కెట్టులోనే పడిపోతుంది. మందు చల్లుదామంటే పురుగు పొర చాటున క్షేమంగా ఉంటుంది. దానిని వేటాడే చిన్న కందిరీగలే ముందుగా చస్తాయి. 1993లో ఈ పురుగు ఫ్లోరిడా చేరినప్పుడు అమెరికన్లు అటువంటి కందిరీగనే ఆస్ట్రేలియా నుండి రప్పించుకున్నారు.

తిరుపతి పరిశోధన స్థానం రూపొందించిన బాలాజీ రకం నిమ్మ గజ్జిని కొంతవరకు తట్టుకుంటుంది. ఆకు తొలుచు పురుగుకు మాత్రం ఆ పట్టింపు లేదు. బాలాజీ చిగురైనా దానికి చిగురే.