గడ్డి మందం, గుద్దు వేగం

బంగారుపాళ్యం మామిడి మార్కెట్ యార్డును జూన్‌లో చూడాలి. ఎటు చూసినా తోతాపురి ట్రాక్టర్లే. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయ కాబట్టి కుప్పగా పోసి తెస్తారు, కింద ఏమీ పరవరు. 2025లో ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా తేల్చింది ఈ కాయకే. నేను వెళ్లింది మాత్రం దూరపు మార్కెట్లకు లారీ ఎక్కే బేనీషా కోసం, దాని కింద పరిచే గడ్డి కోసం.

ఒక మండీ షెడ్డులో పెద్దాయన క్రేటు అడుగున ఎండు వరిగడ్డి పరిచి అరచేత్తో అదిమాడు. చెయ్యి తీయగానే గడ్డి సగం దాకా పైకి లేచింది. ఇంకో పిడికెడు వేసి, మళ్లీ అదిమి, అప్పుడు కాయ పెట్టాడు.

"ఎంత వేయాలో ఎట్లా తెలుస్తుంది పెద్దాయనా?"

"చేతికి అడుగు తగలకూడదు సార్. తగిలిందంటే రేపు కాయకీ తగులుతాది. దెబ్బ ఈడ కనపడదు, మాగినాక నల్లగా బయటపడతాది."

ఇంజినీర్లు గ్రాఫు గీసి చెప్పేదీ ఇదే. లోపల గాలి నిండిన తేలికపాటి పదార్థం ఏదైనా, గడ్డి గానీ ఫోమ్ గానీ థర్మోకోల్ గానీ, నొక్కితే మూడు దశల్లో లొంగుతుంది. మొదట కాస్త ఎదురు నిలుస్తుంది. తర్వాత లోపలి గదుల గోడలు వరసగా ఒంగి కూలతాయి. అప్పుడు ఒత్తిడి పెద్దగా పెరగదు, దెబ్బలోని శక్తి చాలావరకు అక్కడే ఖర్చవుతుంది. గదులన్నీ మూసుకుపోయాక ఇక అది గట్టి దిమ్మే. పావుకిలో కాయ మీటరు ఎత్తు నుంచి పడితే కింద తాకే వేగం సెకనుకు సుమారు 4.4 మీటర్లు. పరుపు ఒక సెంటీమీటరు కుంగి దాన్ని ఆపితే కాయ మీద సగటున 25 కిలోల బరువు పడ్డట్టు. 2 సెంటీమీటర్లు కుంగితే అందులో సగమే.

అరచేతి పరీక్షకు ఒక్కటే లోటు. చెయ్యి నింపాదిగా నొక్కుతుంది, దెబ్బ సెకనులో వందో వంతు లోపే అయిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో ఫోమ్ గదుల్లోని గాలికి తప్పించుకునే వీలుండదు, ప్లాస్టిక్ గోడలూ బిగుసుకుంటాయి. అందుకే నెమ్మదిగా నొక్కితే మెత్తగా ఉన్న ఫోమ్ గుద్దితే గట్టిపడుతుంది. దీన్ని కొలవడానికి ప్రయోగశాలల్లో బరువును ఎత్తు నుంచి వదిలి, దానికి బిగించిన సెన్సర్‌తో వేగం ఎలా తగ్గిందో చూస్తారు.

అంతకు మించిన వేగాలకు హాప్కిన్సన్ బార్ ఉంది. 1914లో బెర్ట్రామ్ హాప్కిన్సన్ మొదలుపెట్టిన పద్ధతిని 1949లో కోల్స్కీ మార్చి, రెండు పొడవాటి కడ్డీల మధ్య నమూనాను ఉంచాడు. ఒక కడ్డీ కొసన గుద్దితే పుట్టిన అల నమూనాను నలిపి రెండో కడ్డీలోకి పోతుంది. కడ్డీలకు అంటించిన స్ట్రెయిన్ గేజీలు ఆ అలను పట్టుకుంటాయి. లోహాలకైతే ఉక్కు కడ్డీలు సరిపోతాయి. ఫోమ్ దాటించే అల మరీ బలహీనం, ఉక్కులో దాని జాడే తెలియదు. కాబట్టి నైలాన్, యాక్రిలిక్ లాంటి మెత్తటి కడ్డీలు వాడతారు. ఇంకో చిక్కు, గుద్దిన వైపు నలిగిపోయినా అవతలి వైపు కదలకుండా ఉండొచ్చు. అందుకని నమూనా మీద రంగు చుక్కలు చల్లి, ఏ చుక్క ఎంత జరిగిందో హైస్పీడ్ కెమెరాతో లెక్కగడతారు.

యార్డు బయట హైవే మీద బైకులు మొగిలి ఘాటు వైపు దూసుకుపోతున్నాయి. హెల్మెట్‌దీ ఇదే లెక్క. పైచిప్ప దెబ్బను నలువైపులా పరుస్తుంది, మింగేది లోపలి థర్మోకోల్. అందులో నూటికి 90 పాళ్లకు పైగా గాలే. గడ్డి సగమైనా లేస్తుంది, ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ మునుపటిలా లేవదు. పెద్దాయన నలిగిన పాత గడ్డిని పక్కకు తోసేసి కొత్తది పరుస్తాడు, మనం మాత్రం బండి పడ్డాక కూడా అదే హెల్మెట్ తుడిచి పెట్టుకుంటాం. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత బాగున్నా పక్కన పడేయండి. ఐఎస్ఐ గుర్తున్న కొత్తది కొనుక్కోండి.