తుపాకీ ముందా... తూటా ముందా?

బండి కొనబోయే ఇంటి పెద్ద షోరూములో తప్పక అడిగే మాట ఒకటుంది- 'స్పేర్‌ పార్టులు మన ఊళ్లో దొరుకుతాయా?' అని. మరి వేట రైఫిల్‌ ఎంచుకునేవాళ్లు కూడా ముందు తూటా సంగతే అడగాలా?

అడగాలనే చెబుతుంది పాయింట్‌ 405 వించెస్టర్‌ కథ. 1910లో మన బొల్లారంలో పుట్టిన కెన్నెత్‌ ఆండర్సన్‌ దక్షిణాది అడవుల్లో నరభక్షక పులుల వెంట తిరిగింది ఆ రైఫిల్‌తోనే. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్‌ రూజ్‌వెల్ట్‌ 1909లో ఆఫ్రికా వేటకు వెంట తీసుకెళ్లిందీ ఆ రకమే. అంత పేరున్న ఆ రైఫిల్‌ తయారీ 1930ల్లో ఆగింది. కొన్నేళ్లకు తూటాల తయారీ కూడా నిలిచిపోయింది. తూటా లేని తుపాకీ గోడకి అలంకారమేగా!

ఒక్కోసారి సర్కారే తూటాకి అడ్డుపడుతుంది. 1907 ప్రాంతంలో బ్రిటిష్‌ పాలకులు పాయింట్‌ 450 రైఫిళ్లు, తూటాలు భారత్‌లోకి రాకుండా నిషేధించారు. సైన్యం పాత తుపాకుల్లో తిరుగుబాటుదారులు వాటిని వాడతారన్నది వాళ్ల భయం. దాంతో కంపెనీలు పాయింట్‌ 465, 470 లాంటి కొత్త కొలతలు వెతుక్కోవాల్సి వచ్చింది.

అలాగని దొరికే తూటానిబట్టే తుపాకీ కొంటే? ఎక్కడైనా చవగ్గా దొరికేది పాయింట్‌ 22. కానీ అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో జింకల వేటకు దాన్ని వాడనివ్వరు. ఆ చిన్న గుండుకి జింక చావదు, గాయంతో పారిపోయి పొదల్లో నరకం చూస్తుంది.

ఆ గాయం ఒక్కోసారి మనుషుల మీదికే వస్తుంది. నేపాల్‌, కుమావూల్లో కలిపి 436 మందిని పొట్టన పెట్టుకున్న చంపావత్‌ ఆడపులిని 1907లో జిమ్‌ కార్బెట్‌ చంపాడు. నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరలు విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన తూటా గుర్తది. అడవి జంతువుల్ని వేటాడలేకే అది మనుషుల మీద పడిందని కార్బెట్‌ తేల్చాడు.

పైగా దొరకడమన్నది శాశ్వతమూ కాదు. 2020లో కొవిడ్‌ వేళ అమెరికాలో తుపాకుల గిరాకీ పెరిగి, అందరూ వాడే తూటాలకే కటకట వచ్చింది.

మనదగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకి అడ్డుకట్ట వేసింది. వేటకి అనుమతి ఉన్న దేశాల్లో మాత్రం ఈ ప్రశ్న ఇంకా ఉంది. జవాబు వరసలోనే ఉంది. ఏ జంతువుకి ఏ తూటా సరిపోతుందన్నది మొదటి ప్రశ్న. సరిపోయే వాటిలో ఏది దుకాణంలో దొరుకుతుందన్నది రెండోది. ఈ రెంటినీ తారుమారు చేస్తే వేటగాడికి పోయేది డబ్బే... బాధ మాత్రం నోరులేని జీవానిది!