గడపలో చేవ

1986 ఆగస్టు వరదకి కోనసీమ లంకలో మా ఇల్లు నాలుగు రోజులు గోదారి నీళ్లలో నానింది. నీరు తీసేసరికి ఒక గోడ జారిపోయింది, మామిడి చెక్క తలుపులు ఉబ్బి గడియ పడలేదు. టేకు గడప మాత్రం ఒండ్రు కడగ్గానే ఎప్పటిలాగే ఉంది. అమ్మ ఆ శుక్రవారమే దానికి పసుపు రాసింది.

మొన్న ఇల్లు విప్పి కట్టేటప్పుడు ఆ గడప గురించి మేస్త్రిని అడిగాను. పక్కనున్న కొత్త దుంగ కోసిన ముఖం చూపించాడు. బెరడు వెంట తెల్లటి పట్టీ, లోపలంతా తేనెరంగు. "తెల్లది చెదలకి మేత బాబూ, లోపలిదే చేవ" అన్నాడు. చిత్రిక పడుతుంటే పాత తోలు వాసన వచ్చింది. చెయ్యి రాస్తే మైనం పూసినట్టు జిడ్డు. చెదల్నీ నీటినీ ఆపేది ఆ జిడ్డే. అది పట్టడానికి దశాబ్దాలు కావాలి. పదిహేనేళ్లకే కొట్టేసిన తోట టేకులో తెల్లదే ఎక్కువ, దాన్ని గుమ్మానికి పెట్టడానికి నాకు మనసొప్పదు. టేకుతో మేస్త్రికున్న కష్టమల్లా ఒక్కటే: ఆ చెక్కలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి ఊరికే మొద్దుబారుతుంది.

పడమటి దేశాల వడ్రంగులకి ఇంత గురి తెల్ల ఓక్ మీద. దాని చేవలో నీటి గొట్టాలు వాటంతటవే పూడుకుపోతాయి, అందుకే సారా పీపాలు దానితో చేస్తారు. అయితే ఓక్‌లో కరక్కాయకున్నట్టే వగరుంది. తడిలో ఇనప మేకు తగిలితే చెక్క నల్లబడుతుంది, మేకుని తుప్పు తినేస్తుంది. టేకులో మేకు పదిలం. ఓడలు కట్టేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి! నెపోలియన్ యుద్ధాలతో ఓక్ కరువైనప్పుడు ఇంగ్లీషు నౌకాదళం బొంబాయిలో టేకుతో ట్రింకోమలీ అనే ఓడ కట్టించింది. 1817లో నీళ్లలోకి దిగిన ఆ ఓడ ఇంగ్లండులో నేటికీ తేలుతూనే ఉంది. మన కోరంగి రేవులోనూ ఒకప్పుడు ఓడలు కట్టారు.

మా వైపుకి టేకు వచ్చింది గోదారి మీదే. పచ్చి టేకు బరువు నీళ్ల బరువుకి దగ్గరగా ఉంటుంది, ఒంటిగా వదిలితే మునుగుతుంది. దుంగలకి వెదురు కట్టి, తెప్పలుగా పాపికొండల నడుమనుంచి రాజమండ్రికి దించేవారు.

మేస్త్రి మా పాత గడప మీద బాడిసతో పావంగుళం చెక్కాడు. కిందనుంచి అదే తేనెరంగు. తూర్పు గుమ్మానికి మళ్లీ దాన్నే కూర్చోబెట్టాం.