కంప్యూటరులో కపాలం

వాహనం ఢీకొన్న క్షణాన కపాలం ఆగినా లోపలి మెదడు ఆగదు. జున్నువంటి ఆ పదార్థం ఒత్తిడికి అంతగా కుదించుకుపోదు గాని, మెలిపడితే ఇట్టే రూపు చెడుతుంది. ఈ సంగతిని ఆక్స్‌ఫర్డు భౌతికశాస్త్రజ్ఞుడు హోల్‌బోర్న్ 1943లోనే జెలటిన్ నమూనాలతో వివరించాడు. అయినను 1970వ దశకంలో అమెరికాలో స్థిరపడిన తలగాయపు కొలమానం సరళరేఖా త్వరణాన్నే లెక్కించి, భ్రమణాన్ని విడిచిపెట్టింది. ఆ లోటు తీర్చడానికే శాస్త్రజ్ఞులు కంప్యూటరులో మెదడును వేలాది ఖండాలుగా మలచి, ప్రతి ఖండం ఎంత సాగునో గణిస్తున్నారు.

ఆ గణన నిజమని చెప్పేదెవరు? డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, మరణానంతరం దానమిచ్చిన దేహాల మెదడులో సూక్ష్మమైన గురుతులు అమర్చి, తలకు తాకిడి కలిగించి, వాటి కదలికను అతివేగ ఎక్స్‌రేతో చిత్రించారు. కదలిక కొన్ని మిల్లీమీటర్లే! ఎముకలనిచ్చిన దధీచిని పురాణం కొనియాడింది. ఈ దాతల పేర్లు ఎక్కడా వినరావు. కొత్త నమూనాలను నేటికీ తరచుగా ఆ కొలతలతోనే సరిచూస్తుంటారు.