జమీందారుగారి సూదిమందు

మా ఇంట్లో చక్కెరజబ్బు వాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు మావారు, ఆయనది పద్నాలుగేళ్ళ అనుభవం. రెండోవారు జమీందారు, ఆయన ఈ వ్యవహారంలోకి దిగి ఎనిమిది నెలలే అయింది. జమీందారంటే మా మామగారో, మరెవరో పెద్దవారో అనుకునేరు. కాదండీ, మా పిల్లి.

ఆ పేరు మా అత్తగారు పెట్టారు. పదకొండేళ్ళ క్రితం, గోదావరికి వరద వచ్చిన రోజుల్లో, తడిసి ముద్దయి మా రాజమండ్రి ఇంటి గడపలో పడి ఉన్న గుప్పెడంత కూనని ఆవిడ పమిటచెంగుతో తుడిచి పాలు పట్టారు. ఏడాది తిరక్కుండా అది ఏడు కిలోలకి పెరిగి, పడకకుర్చీ ఆక్రమించుకుని, ఎవరు పిలిచినా కళ్ళు సగమే తెరవడం నేర్చుకుంది. "వీడు జమీందారే" అన్నారు అత్తగారు. మూడేళ్ళ క్రితం ఆవిడ పోతూ నాకు అప్పగించినవి రెండే: పెరట్లో తులసికోట, ఈ పిల్లి. కొడుకుని మాత్రం అప్పగించలేదు. ఆ అప్పగింతలు పెళ్ళినాడే అయిపోయాయనుకున్నారు కాబోలు!

జబ్బు సంగతి ముందు కనిపెట్టింది మేం కాదు, చీమలు. ఒకనాటి పొద్దున్న జమీందారు వాడుకునే ఇసుకతొట్టె చుట్టూ చీమలు బారులు తీరి ఉన్నాయి. మావారు వంగి చూసి, కాసేపు మాట్లాడలేదు. "మా నాన్నకి కూడా ఇలాగే బయటపడిందోయ్" అన్నారు చివరికి. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాడు వారం పది రోజులుగా నీళ్ళ బకెట్టు వదలడం లేదు. ఎంత పెట్టినా ఇంకా అంటున్నాడు, మనిషి మాత్రం - మనిషేమిటి నా మొహం, పిల్లి మాత్రం - చిక్కిపోతున్నాడు. వెనక కాళ్ళు మునివేళ్ళ మీద కాకుండా మడమలు నేలకి ఆనించి, ముసలాడిలా నడుస్తున్నాడు.

పశువుల డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. రక్తం చూసి 412 అంది. "బాబాయిగారూ, పిల్లులకి భయపడితేనే చక్కెర అమాంతం పెరుగుతుంది. అందుకని ఈ ఒక్క అంకె నమ్మకూడదు" అని, గడచిన రెండు మూడు వారాల సగటు తెలిపే మరో పరీక్ష కూడా చేయించింది. అదీ అదే మాట చెప్పింది. వయసు మళ్ళిన, ఒళ్ళు చేసిన, ఆపరేషను చేయించిన మగపిల్లులకి ఈ జబ్బు ఎక్కువట. మా వాడికి మూడు లక్షణాలూ ఉన్నాయి.

"మాత్రలు రాయమ్మా" అన్నారు మావారు, తనకి అలవాటైన ధోరణిలో.

"ఇన్సులిన్ కావాలండీ. పూటకి ఒక్క యూనిట్‌తో మొదలుపెడదాం. పన్నెండు గంటలకి ఒకసారి, తిండితో పాటు."

మావారి మొహం చూడాలి! ఎందుకంటారా? ఆయన డాక్టరు సరిగ్గా అదే మాట ఏడాదిగా ఆయనకి చెబుతున్నారు. మాత్రలు ఇక చాలడం లేదు, ఇన్సులిన్ మొదలుపెట్టండని. "సూది పట్టామంటే ఇక చివరి మజిలీయే" అని ఈయన ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్నారు. ఆ విషయంలో మా ఇంట్లో జరగని యుద్ధం లేదు.

ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వారు. మనుషులకే మందులు కొనలేని రోజుల్లో పిల్లికి సూదులా అన్నవాళ్ళూ ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. నేను జవాబు చెప్పలేకపోయాను. కానీ అప్పగించినవారి మాట ఒకటి ఉంది కదా!

తిండి దగ్గర అసలు చిక్కొచ్చింది. అత్తగారు వాడిని పెరుగన్నంతో పెంచారు. మావారు తను తినే కోవాబిళ్ళలో ఓ ముక్క వాడికీ పడేసేవారు. డాక్టరమ్మ తల పట్టుకుంది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి; అన్నం, రొట్టె దానికి తగిన తిండి కాదు; అవి తగ్గితేనే చక్కెర అదుపులోకి వస్తుంది. మరో విచిత్రం కూడా చెప్పింది. పిల్లి నాలుకకి తీపి తెలియనే తెలియదట! తీపిని పట్టే జన్యువు దానికి పనిచేయదని 2005లో అమెరికాలో శాస్త్రజ్ఞులు తేల్చారు. వాడు కోవా తిన్నది పాలకోసమూ, వెన్నకోసమూనట. "చూశారా, తీపి రుచి ఎరగని వాడికి కూడా వచ్చింది. ఇక నన్నని ఏం లాభం?" అన్నారు మావారు. మగవారికి దేన్నుంచైనా వాదన దొరుకుతుంది.

మా ఇంట్లో నీచు వండరు. మూడురోజులు ఆలోచించి, పక్కింటావిడతో సంగతి చెప్పాను. "దానికేముంది వదినగారూ, మాకు వండేటప్పుడు ఉప్పూ కారం వెయ్యకుండా ఓ గిన్నె తీసి ఉంచుతా" అంది మహాతల్లి. ఒట్టి కోడిమాంసం ఒక్కటే అయితే పిల్లికి కావలసినవన్నీ అందవట. అందుకని డాక్టరమ్మ చెప్పిన డబ్బా తిండి, ఎండు గుళికలు కాదు, తడిగా ఉండే ముద్ద, దాంతో కలిపి పెరటి వసారాలో పెట్టేదాన్ని. మొదటిరోజు చెయ్యి కడుక్కుని తులసికోట దగ్గర నిలబడి, "అత్తయ్యా, మీరే చూసుకోండి" అనుకున్నాను.

సూది వెయ్యడం మేమిద్దరం బత్తాయిపండు మీద నేర్చుకున్నాం. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు: ఎర్రమూతవి నలభై యూనిట్ల మందుకి, నారింజరంగు మూతవి నూరు యూనిట్ల మందుకి. మాది నూరు యూనిట్లది. దాన్ని పొరపాటున ఎర్రమూత సిరంజితో తీశామా, ఒక యూనిట్ అనుకున్నది రెండున్నర అవుతుంది. అందుకని ఎర్రమూతవి ఇంట్లోకే రానివ్వలేదు. మందు ఫ్రిజ్‌లో ఉండాలి గాని గడ్డకట్టకూడదు. రక్తపరీక్షకి చెవి అంచు. గోరువెచ్చని గుడ్డ కాసేపు ఆనించి, సూదిమొన తాకిస్తే ఆవగింజంత చుక్క వస్తుంది.

వాడు తింటూ ఉండగా పక్కన వదులు చర్మం పైకెత్తి సూది గుచ్చితే, ఆశ్చర్యం, వాడు కదిలేవాడు కాదు. మా అత్తగారు మార్జాలకిశోర న్యాయం చెబుతూ ఉండేవారు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకు వేలాడుతుంది. పిల్లికూన మాత్రం భారమంతా తల్లి మీద వేసి ఊరుకుంటుంది అని. జమీందారుకి ఆ వేదాంతం ఒంటబట్టింది. మావారికి పట్టలేదు.

రెండు నెలలకి మోతాదు రెండు యూనిట్లయింది. ఒళ్ళు పట్టింది, నడక బాగుపడింది. మాకు ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు అజాగ్రత్త కూడా.

ఒకనాటి సాయంత్రం పేరంటానికి వెళ్ళే తొందరలో ఏడు గంటలకి తిండి పెట్టి, సూది వేసి వెళ్ళాను. మావారు షికారు నుంచి వచ్చేసరికి జమీందారు అన్నమెరగనట్టు అరుస్తున్నాడట. పాపం మరిచిపోయిందనుకుని, ఆయనా కాస్త పెట్టి, ఆయనా వేశారు. ఆ సంగతి ఆయన నాతో అనలేదు, నేను ఆయనతో అనలేదు.

రాత్రి పన్నెండు దాటాక ఏదో కింద పడ్డ చప్పుడైంది. లేచి చూస్తే జమీందారు పడకకుర్చీ కింద తూలుతున్నాడు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. మీటరు పెడితే 42. అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒకే ప్రశ్న వేసుకున్నాం: "సూది నువ్వు వేశావా?" "మీరూ వేశారా?"

చక్కెర ఎక్కువైతే నెమ్మదిగా చంపుతుంది, తక్కువైతే గంటల్లో. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది కనుక తేనెసీసా అందుబాటులోనే ఉంది. గొంతులో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చిగుళ్ళకి రాయాలి. నేను వాడి తల పట్టుకున్నాను. మావారు వేలితో తేనె రాస్తూంటే ఆ వేలు వణుకుతోంది. "ఒరేయ్, అమ్మ పెంచిన పిల్లివిరా" అంటున్నారు. పావుగంటకి 55. వాడు నాలుక కదిపాడు. ఇంకో పావుగంటకి 78, కాస్త తిన్నాడు. డాక్టరమ్మ ఫోనెత్తింది, దేవుడు ఆ పిల్లని చల్లగా చూడాలి. "మందు పని ఇంకా అయిపోలేదు బాబాయిగారూ, తెల్లవార్లూ చూస్తూ ఉండండి. మళ్ళీ తగ్గితే వెంటనే తీసుకొచ్చెయ్యండి. పొద్దున్న సూది వద్దు" అంది.

తెల్లవార్లూ మావారు నేలమీదే కూచున్నారు. అరగంటకోసారి చుక్క తీసి, అంకె చూసి, కాగితం మీద రాసుకున్నారు. తూర్పున తెల్లబడుతూండగా జమీందారు లేచి, నాలుగడుగులు వేసి, పడకకుర్చీ ఎక్కి పడుకున్నాడు.

మావారు అటు చూస్తూనే అన్నారు: "1922లో ఈ మందు మొదట పధ్నాలుగేళ్ళ కుర్రాడికి ఇచ్చారట, టొరంటోలో. అంతకు ముందైతే అలాంటివాళ్ళకి దారే లేదు. దొరకనివాళ్ళు పోయారు. దొరికిన నేను వద్దంటున్నాను." కాస్త ఆగి, "నా డాక్టరు ఇవాళ ఉంటారా?" అని అడిగారు.

నేను జవాబు చెప్పకుండా కాఫీ పెట్టడానికి వెళ్ళాను. అప్పుడు మాట్లాడితే పాడైపోయే సంగతులు కొన్ని ఉంటాయి.

ఇప్పుడు మా వంటింట్లో క్యాలెండరు మీద రెండు వరసలున్నాయి: 'జ' అని ఒకటి, 'మీ' అని ఒకటి. సూది వేసినవాళ్ళు వెంటనే గడిలో సంతకం చెయ్యాలి. వేశామో లేదో అనుమానం వస్తే ఆ పూటకి జమీందారుకి వెయ్యకూడదు. ఒక పూట తప్పితే పరవాలేదు, రెండుసార్లు పడితే ప్రాణానికి ముప్పు. మొదట్లోనే పట్టి, తిండి సరిచేస్తే కొన్ని పిల్లులకి ఇన్సులినే అక్కర్లేకుండా పోతుందని డాక్టరమ్మ ఆశ పెట్టింది. మా వాడికి ఇంకా ఆ అదృష్టం పట్టలేదు గాని, మళ్ళీ ఒక యూనిట్‌కి దిగాడు.

ఏడింటికి ఇద్దరికీ వరసగా వేస్తాను. మావారు ఈనాటికీ సూది చూడగానే కళ్ళు గట్టిగా మూసుకుంటారు. జమీందారు మాత్రం గిన్నెలోంచి తల కూడా ఎత్తడు.